అమ్మ కోసం కొన్న ఆండ్రాయిడ్ బాక్స్: 25 రోజులు ఆగి ఉన్న కారులో

ఆగి ఉన్న కారులో గంటలకొద్దీ కూర్చోవలసిన అవసరం ఉన్నవాళ్ల కోసం, కారు తెర మీద వీడియోలు చూపించే ఒక చిన్న డబ్బా గురించి ఇది రాస్తున్నాను. ఆసుపత్రి పార్కింగ్‌లో, పిల్లల కోచింగ్ బయట, ఛార్జింగ్ స్టేషన్ దగ్గర ఎదురుచూసేవాళ్లు ఎవరైనా సరే. బండి నడుపుతూ సినిమా చూడాలనుకునేవాళ్లకు నా దగ్గర సలహా ఏమీ లేదు. ఎందుకో కింద చెబుతాను.

మాది నల్గొండ. గత ఏడాది అమ్మకు ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్, కీమో అయ్యాక రేడియేషన్ రాశారు. వారానికి 5 రోజులు, మొత్తం 25 సిట్టింగులు, హైదరాబాద్‌లో. పొద్దున బయల్దేరడం, సాయంత్రానికి ఇల్లు చేరడం. మెషీన్ కింద పడుకోబెట్టేది పావుగంట కూడా ఉండదు. వంతు వచ్చేదాకా మాత్రం రెండు గంటలు, ఒక్కోరోజు మూడు గంటలు. లోపల హాల్లో ఇనుప కుర్చీలు, కాలు పెట్టడానికి చోటు లేనంత జనం. కీమో అయిన మనిషిని అంత జనంలో కూర్చోబెట్టాలంటే నాకు భయం. కౌంటర్‌లో ఉండే సిస్టర్ మంచామె. "నంబర్ దగ్గరికి రాగానే ఫోన్ చేస్తాను సార్, అమ్మను కార్లోనే పడుకోబెట్టండి" అంది. అప్పటి నుంచి మా కారే మా వెయిటింగ్ హాలు.

అమ్మకు ఒక అలవాటు ఉంది. రోజూ మధ్యాహ్నం 12 గంటలకు ఎస్‌వీబీసీలో తిరుమల కల్యాణోత్సవం చూడాలి. ఎన్నో ఏళ్ల అలవాటు. ఆ సమయానికి ఇంట్లో ఎవరూ టీవీ రిమోట్ ముట్టుకోరు. సరిగ్గా ఆ సమయానికే మేం పార్కింగ్‌లో ఉంటాం. మొదటి రెండు రోజులు నా ఫోన్‌లో యూట్యూబ్ పెట్టి ఇచ్చాను. అమ్మకు ఒక కంటికే శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కన్ను మసక. ఎడమ చెయ్యి ఎత్తితే నొప్పి. ఫోన్ ముఖం దగ్గర పట్టుకుని ఐదు నిమిషాలు చూసి, "చాలు బిడ్డా, తీస్కో" అని ఇచ్చేసేది. ఎదురుగా 10.25 అంగుళాల తెర నల్లగా, ఖాళీగా ఉంది. దాని మీద వస్తే ఎంత బాగుండు అనుకున్నాను. వెతుకులాట అలా మొదలైంది.

మాది 2021 క్రెటా, డీజిల్. పెద్ద తెర మోడల్. ఫోన్‌ను కారు తెరకు కలిపే పద్ధతులు రెండు: ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆండ్రాయిడ్ ఆటో, ఐఫోన్లకు యాపిల్ కార్‌ప్లే. ఆ ఏడాది బండ్లలో 8 అంగుళాల తెరకు ఇవి వైరు లేకుండానే కలుస్తాయి, పెద్ద తెరకు మాత్రం వైరు పెట్టాలి. కొన్నప్పుడు ఇది లోటు అనుకున్నాను. తర్వాత కొన్న బాక్స్‌కు కావలసింది ఈ వైరు కనెక్షనే.

ఆండ్రాయిడ్ ఆటో ద్వారా తెర మీదికి మ్యాపులు, పాటలు, కాల్స్, మెసేజ్‌లు వస్తాయి. నేను వెతికేనాటికి యూట్యూబ్ వీడియో వచ్చేది కాదు. డ్రైవర్ దృష్టి మళ్లుతుందని గూగుల్ కావాలనే పెట్టిన అడ్డు అది. యాపిల్ కార్‌ప్లే సంగతీ అంతే. బండి ఆగి ఉన్నప్పుడు వీడియో అనుమతిస్తామని 2025 మే నెలలో గూగుల్, జూన్‌లో యాపిల్ ప్రకటించాయి. రెండూ అనుకూలమైన బండ్లకే. యాపిల్ పద్ధతికైతే కారు కంపెనీ కూడా తన వైపు నుంచి సదుపాయం ఇవ్వాలి. నాలుగేళ్ల నా పాత బండి దాకా అది ఎప్పుడు వస్తుందో అని కూర్చుంటే అమ్మ సిట్టింగులు అయిపోతాయి.

మా మేనల్లుడు ఒక దొడ్డిదారి చెప్పాడు. ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఆటో సెట్టింగ్స్‌కు వెళ్లి వెర్షన్ అన్నచోట పదిసార్లు నొక్కితే డెవలపర్ మోడ్ తెరుచుకుంటుంది. అందులో గుర్తు తెలియని యాప్‌లను అనుమతించి, ప్లే స్టోర్‌లో దొరకని ఒక వీడియో యాప్‌ను ఎక్కించాడు. డబ్బు ఖర్చు లేదు. ఆ రోజు కల్యాణం చక్కగా వచ్చింది. నాలుగో రోజు ఆండ్రాయిడ్ ఆటో అప్‌డేట్ అయింది, యాప్ తెర మీద కనిపించకుండా పోయింది. మళ్లీ వేరే పద్ధతిలో ఎక్కించాడు, మళ్లీ పోయింది. ఈ లోపు అదే ఫోన్‌కు ఆసుపత్రి నుంచి కాల్ వచ్చేది, నేను ఫోన్ తీసుకుని కౌంటర్ దగ్గరికి పరిగెత్తాలి, వైరు ఊడగానే తెర మీద దేవుడు మాయం. రోజూ ఆ టెన్షన్ పడలేక ఆ దారి వదిలేశాను.

తర్వాత ఎల్బీ నగర్ వైపు ఒక కార్ డెకార్ షాపుకు వెళ్లాను. అక్కడి అబ్బాయి నా మాట పూర్తిగా వినకుండానే కొత్త ఆండ్రాయిడ్ స్టీరియో తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. కంపెనీ స్టీరియో పీకేసి ఇది బిగించాలి, పద్దెనిమిది వేలు. స్టీరింగ్ బటన్లు, వెనక కెమెరా పని చేస్తాయా అంటే, "కప్లర్ ఉంది అన్నా, అన్నీ చేస్తయ్" అన్నాడు. కానీ రెండు మూడు వైర్లు కోయాలట. వైరింగ్ కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ మర్చిపొమ్మని మా సర్వీస్ సెంటర్‌లో అంతకుముందే చెప్పి ఉన్నారు. నన్ను వెనక్కి తగ్గించింది ఆ ఖర్చూ కాదు, వారంటీ కూడా కాదు. ఈ స్టీరియోలకు ఒక సన్న వైరు ఉంటుంది. అది హ్యాండ్‌బ్రేకుకు కలపాలి. బ్రేకు వేసి ఉంటేనే వీడియో నడుస్తుంది. ఆ అబ్బాయి, "ఆ వైరు బాడీకి ఎర్త్ చేసేస్తాం అన్నా, బండి వందలో పోతున్నా వీడియో ఆగదు. అందరికీ అట్లనే చేస్తం" అని చాలా మామూలుగా చెప్పాడు. వచ్చిన ప్రతి బండికీ ఆ చిన్న వైరు అలా తప్పుదారి పట్టిస్తున్నారంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆ బండ్లన్నీ నేను రోజూ అమ్మను తీసుకుని వెళ్లే రోడ్డు మీదే తిరుగుతాయి కదా.

చివరికి కొన్నది బాక్స్. అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. అంగళ్లలో దీన్ని ఏఐ బాక్స్ అంటున్నారు. అందులో కృత్రిమ మేధ ఏమీ లేదు, తెర లేని ఆండ్రాయిడ్ ఫోన్ అనుకోండి. లోపల ప్రాసెసర్, మెమరీ, సిమ్ పెట్టే చోటు, మెమరీ కార్డు పెట్టే చోటు ఉంటాయి. కారు యూఎస్‌బీ పోర్టులో గుచ్చితే అది కారుతో ఐఫోన్ లాగా మాట్లాడుతుంది. కారు కూడా ఐఫోన్ పెట్టారనుకుని కార్‌ప్లే తెరుస్తుంది. ఆ కార్‌ప్లే తెరలో ఈ డబ్బా తన ఆండ్రాయిడ్‌ను చూపిస్తుంది. అందుకే బండిలో వైరుతో నడిచే కార్‌ప్లే ఉండి తీరాలి. లేకపోతే ఇది పనికిరాదు, కొనేముందు ముఖ్యంగా చూసుకోవలసింది అదే. కార్లింకిట్, ఓట్టోకాస్ట్ లాంటి కంపెనీలవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నాది ఆ రెండూ కాదు, పేరు అంతగా వినని కంపెనీది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. 11,800 పడింది.

బిగించడానికి మెకానిక్ అక్కర్లేదు. వైరు గుచ్చడం, గేరు ముందున్న అరలో డబ్బా పెట్టడం, అంతే. ఒక్క స్క్రూ తిప్పలేదు, ఒక్క వైరు కోయలేదు. రివర్స్ గేరు వేస్తే వెనక కెమెరా ఎప్పటిలాగే వస్తుంది, ఎందుకంటే కంపెనీ స్టీరియో దాని చోట అది ఉంది. తీసేస్తే బండి మళ్లీ షోరూమ్ నుంచి వచ్చినట్టే.

స్టార్ట్ చేశాక తెర రావడానికి అర నిమిషం పైనే పడుతుంది. మొదటి వారం మధ్యలో రెండుమూడుసార్లు దానంతట అదే ఆగి మళ్లీ లేచింది. డబ్బా పాడైందనుకున్నాను. తీరా చూస్తే నా యూఎస్‌బీ పోర్టు ఇచ్చే కరెంటు దానికి చాలడం లేదు. పెట్టెలో రెండు తలల కేబుల్ ఒకటి ఇచ్చారు. ఒక తల కారు పోర్టుకు, రెండోది సిగరెట్ లైటర్ సాకెట్‌లోని ఛార్జర్‌కు పెట్టాక ఆ గొడవ పోయింది. అట్టపెట్టెలో అడుగున ఉన్న ఆ కేబుల్‌ను పారెయ్యకండి.

సిమ్ విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. మొదట నా ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపాను. సిస్టర్ ఫోన్ చేసిందని నేను కౌంటర్‌కు వెళ్లగానే నెట్ కూడా నాతోనే వచ్చేసింది. అక్కడ అమ్మకు సరిగ్గా మాంగల్యధారణ దగ్గర తెర మీద సున్నా తిరుగుతోంది. తిరిగి వచ్చేసరికి అమ్మ చేతులు జోడించుకుని ఆ తిరిగే సున్నా వైపే చూస్తోంది. మర్నాడే డబ్బాలోకి వేరే సిమ్ కొన్నాను. రోజుకు 2 జీబీ ప్యాక్ మాకు సరిపోయింది. మామూలు క్వాలిటీలో గంటకు ముప్పావు జీబీ దాకా అవుతుంది. హెచ్‌డీ పెడితే గంటకు 3 జీబీ దాకా లాగేస్తుంది, ఆనాటి కోటా అయిపోయాక వేగం పడిపోయి బొమ్మ కదలదు. యూట్యూబ్‌లో క్వాలిటీ 480 దగ్గర కట్టెయ్యండి, ఈ తెరకు అది చాలు.

పార్కింగ్ ఎక్కడ దొరికిందన్నది కూడా లెక్కే. సెల్లార్‌లో సిగ్నల్ రాదు. ఆసుపత్రి వెనక గోడ పక్కన ఒక కానుగ చెట్టు ఉంది. దాని కింద సిగ్నల్ ఉంది, నీడ ఉంది. అక్కడ జాగా కోసం నల్గొండలో అరగంట ముందే బయల్దేరేవాళ్లం.

బొమ్మ నాణ్యత గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. యూట్యూబ్ బాగుంది. డబ్బు కట్టి చూసే ఓటీటీలు కొన్ని మసగ్గా వస్తాయి. కారణం ఏమిటంటే, ఓటీటీ సంస్థలు తమ సినిమాలను కాపీ కాకుండా వైడ్‌వైన్ అనే తాళం వేసి పంపుతాయి. పరికరంలో ఆ తాళం ఎల్1 స్థాయిలో ఉంటే హెచ్‌డీ ఇస్తాయి, ఎల్3 అయితే తక్కువ క్వాలిటీయే ఇస్తాయి. నా డబ్బాది ఎల్3. ఫోన్లలో ఇది చూసుకోవడానికి ఉచిత యాప్‌లు ఉన్నాయి, ఈ డబ్బాలోనూ పని చేస్తాయి. అమ్మేవాళ్లు "ఫుల్ హెచ్‌డీ" అని పెద్ద అక్షరాల్లో రాస్తారు గానీ ఈ ముక్క చెప్పరు. సినిమాల కోసమే కొనేవాళ్లు ఎల్1 ఉందా అని రాతపూర్వకంగా అడిగి కొనండి. మాకు కల్యాణం, తిరుగు ప్రయాణానికి ముందు కాసేపు నాదనీరాజనం వస్తే చాలు కాబట్టి ఇబ్బంది కాలేదు. మాట, బొమ్మ మధ్య మొదట్లో తేడా ఉండేది. అర్చకస్వామి పెదాలు కదిలాక మంత్రం వినిపించేది. సెట్టింగ్స్‌లో మీడియా డిలే తగ్గిస్తే దాదాపు సరిపోయింది.

ఇంకో జాగ్రత్త. ఈ డబ్బాలో నా అసలు జీమెయిల్ వెయ్యలేదు. బ్యాంకు, ఫోటోలు అన్నీ ముడిపడి ఉన్న ఖాతాను, ఎప్పుడు అప్‌డేట్ వస్తుందో తెలియని పరికరంలో పెట్టడం మంచిది కాదు. యూట్యూబ్ కోసం కొత్త ఐడీ ఒకటి తెరిచాను.

ఎండ వేళ డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఒకరోజు చెట్టు కింద చోటు దొరక్క ఎండలో నిలిపితే పావుగంటలో బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చి ఆగిపోయింది. ఏసీ గాలి తగిలేలా అరలో నుంచి తీసి పైన పెట్టాక కోలుకుంది. మూత ఉన్న అరలో మాత్రం పెట్టకండి.

ఏసీ అంటే ఇంజిన్ ఆన్‌లో ఉండాలి. తొమ్మిదో సిట్టింగ్ రోజు చల్లగా ఉందని ఇంజిన్ ఆపి, అద్దాలు దించి, తెర మాత్రం నడిపాను. రెండు గంటల తర్వాత బటన్ నొక్కితే టక్‌టక్‌మని చప్పుడు, అంతే. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. అక్కడ నిలబడిన అంబులెన్స్ డ్రైవర్ తన బండి నుంచి జంపర్ కేబుళ్లతో స్టార్ట్ చేయించాడు, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ తర్వాత ఇంజిన్ ఆపి అరగంటకు మించి తెర నడపలేదు. ఇంజిన్ నడిపితే ఏసీతో కలిపి నా బండి గంటకు దాదాపు లీటరు డీజిల్ తాగుతోంది. ఖర్చులో ఇది కూడా కలుపుకోండి. ఇంజిన్ నడిపేది ఆరుబయటే. సెల్లార్‌లో, మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్‌లో పెట్టి మనుషులు కూర్చుంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. దానికి వాసన కూడా ఉండదు. పెద్దవాళ్లను, పిల్లలను ఒంటరిగా వదిలి వెళ్లడమూ వద్దు. నేను కౌంటర్‌కు వెళ్లినప్పుడు అమ్మ దగ్గర మా చెల్లెలు ఉండేది.

పదహారో సిట్టింగ్ రోజు సంగతి ఇక్కడ రాయకుండా ఉండలేను. ఆ రోజు ఆలస్యమైంది. తిరిగి వస్తుంటే అమ్మ ముందు సీట్లో కునికిపాట్లు పడుతోంది. పొద్దున వినలేకపోయిన ప్రవచనం ఒకటి పెట్టమంది. బండి నడుస్తోందా, ఆగి ఉందా అన్నది ఈ డబ్బా పట్టించుకోదు. ఏ అడ్డూ చెప్పదు. వినడమే కదా అని వీడియో పెట్టాను. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ ప్లాజా ఇంకా రాలేదు. తెర మీద ఏదో మారినట్టు అనిపించి కళ్లు అటు తిరిగాయి. రెండు సెకన్లు ఉంటుందేమో. వంద వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. తల తిప్పేసరికి ముందున్న లారీ బ్రేకు లైట్లు అద్దం నిండా ఉన్నాయి. గట్టిగా తొక్కాను. బండి ఆగింది, ఎవరికీ తగల్లేదు. కానీ అమ్మ సీటు బెల్టు ఒక్కసారిగా బిగుసుకుంది. డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు బెల్టు ఎడమ భుజం మీదుగా దిగుతుంది. పదిహేను రోజుల రేడియేషన్‌కు చర్మం కమిలి నల్లబడి, ఒలిచిపోతున్న చోటు అదే. కింద మెత్తటి నూలు గుడ్డ మడిచి పెట్టినా ఆ ఒరిపిడికి అమ్మ కళ్ల వెంట నీళ్లు కారాయి. నన్ను ఒక్క మాట అనలేదు. "మెల్లగ పో బిడ్డా" అంది, అంతే. చెల్లెలు మాత్రం నల్గొండ దాకా నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రే ఒక నియమం పెట్టుకున్నాను. హ్యాండ్‌బ్రేకు తీసేముందు బాక్స్ వైరు పీకాలి. దారి కోసం మ్యాపు కావాలంటే నా ఫోన్ పెట్టుకుంటాను. ప్రవచనం వినాలంటే ఫోన్‌లో ఆడియో ఉంది. ఇలాంటి బాక్స్ కొనే ప్రతి ఒక్కరినీ ఇదే చెయ్యమని చేతులు జోడించి అడుగుతున్నాను. డ్రైవర్‌కు కనిపించే తెర మీద నడిచే బండిలో వీడియో వద్దు. "నేను చూడను, పక్కవాళ్లే చూస్తారు" అని నేనూ అనుకున్నాను.

ప్రయాణంలో పిల్లలకు బొమ్మలు కావాలంటే ముందు సీటు తల వెనక హోల్డర్ బిగించి టాబ్లెట్ పెట్టడం మంచిది. హోల్డర్ అయిదారు వందలు. డ్రైవర్‌కు కనిపించదు, ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే సిమ్ కూడా అక్కర్లేదు. అసలు కొత్త బండి కొనే ఆలోచనలో ఉన్నవాళ్లైతే, తెరలోనే ఓటీటీ యాప్‌లు ఇస్తున్న బండ్లు వచ్చాయి. 2023లో వచ్చిన కొత్త నెక్సాన్ ఈవీలో టాటా వాళ్లు ఆర్కేడ్ పేరుతో ఇది ఇచ్చారు. మా బావమరిది దగ్గర ఆ బండి ఉంది. ఛార్జింగ్‌కు ఆగినప్పుడు అందులో పిల్లలు హాయిగా చూసుకుంటారు, బయట డబ్బాలు, వైర్లు ఏమీ లేవు.

నా డబ్బాకు అయిదుకు మూడున్నర ఇస్తాను. వేడి, ఎల్3, అర నిమిషం ఆలస్యం, బండి కదిలినా వీడియో ఆపకపోవడం దానికి మైనస్. ఆ చివరిది సాఫ్ట్‌వేర్‌లో సరిచెయ్యగలిగిన విషయమే. లోపల జీపీఎస్ ఉంది, వేగం దానికి తెలుస్తుంది. చెయ్యాలన్న మనసు తయారు చేసేవాళ్లకు ఉండాలి. వారంటీ కార్డు మీద ఉన్న మెయిల్‌కు ఈ మాట రాశాను, జవాబు రాలేదు. బండికి గాటు పడకుండా బిగించుకోవడం, సొంత సిమ్, అమ్మ కంటికి ఆనే పెద్ద బొమ్మ దానికి ప్లస్.

25 సిట్టింగులు అయిపోయాయి. చర్మం మెల్లగా మామూలవుతోంది. ఇప్పుడు మూడు నెలలకోసారి చెకప్ మాత్రమే. బాక్స్‌ను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను, సిమ్ రీఛార్జ్ ఆపేశాను. నిన్న చెకప్ తేదీ వచ్చిందని చెబితే అమ్మ మొదట అడిగింది రిపోర్టుల గురించి కాదు. "ఆ రోజు పన్నెండుకు చెట్టు కింద జాగా దొరుకుతదా?" అని అడిగింది. పొద్దున్నే ఆరింటికి బయల్దేరుదామని చెప్పాను. సిమ్‌కు ఈ సాయంత్రం రీఛార్జ్ చేస్తున్నాను.